నవ్వుతూ చెప్పిన మాట

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. ఆకాశం నుంచి నిప్పు కురిసిన పాత ఊరి కథ చర్చిలో ఆదివారం పాఠంలో అందరం విన్నదే. ఊరు కాలిపోబోతోంది, లేచి రండి అని ఒక పెద్దాయన అల్లుళ్ళను హెచ్చరిస్తాడు. ఆయన పరిహాసమాడుతున్నాడనుకుని వాళ్ళు కదలరు. కాలిపోతారు. మా బెంబా తెగ ఇళ్ళల్లో మామ అల్లుడితో పరిహాసమాడడు. ఎదురుపడితే తలొంచుకుని పక్కకు తప్పుకుంటాడు. అలాంటి మామ నోటి మాట వాళ్ళకు పరిహాసంగా ఎలా వినిపించింది? తప్పు విన్నవాళ్ళదా, చెప్పినాయనదా? పాస్టరుగారిని అడిగితే వాళ్ళ గుండెలు బండబారాయమ్మా అన్నారు. సరేనని వచ్చేశాను గాని, సందేహం కూడా నా వెంట ఇంటికొచ్చింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం అదే మా ముందుగదిలో, నా మరదలు మ్వాపే పక్కన చాప మీద కూర్చున్నట్టుంది.

మ్వాపే మా తమ్ముడు ముసోండా భార్య. గనిలో పైకప్పు రాయి విరిగి వాడి కాళ్ళ మీద పడిన రోజు నుంచి పిల్లలతో మా ఇంట్లోనే ఉంటోంది. ఉంటోంది గాని మా కుంపటి మీద వండింది ముట్టదు. పిల్లలకు మాత్రం తినిపిస్తుంది. మొక్కజొన్న పిండితో ఉడికించిన వేడి న్షిమా ముద్దలు, గుమ్మడాకు కూర ఆమె ముందు పెట్టి, చేతులు కడుక్కోవడానికి గిన్నెతో నీళ్ళు పట్టుకున్నాను. ఆమె చేతులు చాపలేదు.

"ఒక్క ముద్ద తిను తల్లీ," అన్నాను.

"ఈ ఇంట్లో పిండి ఆ పాఠాలు సంపాదించి పెట్టిందే కదా వదినా. నాకు గొంతు దిగదు."

మూల కుర్చీలో ఉన్న మా ఆయన ఆ మాట విన్నారు. తల ఎత్తలేదు. ఆయన వెనక గోడ మీద కంపెనీవాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం అద్దం వెనక మెరుస్తోంది. ఆ పూట ఎవరైనా దాని మీద గుడ్డ కప్పితే బాగుండుననిపించింది.

మా ఆయన పని రాయి తవ్వడం కాదు. తవ్వేవాళ్ళకు నేర్పే పాఠాలు తయారుచేయడం. ఆ ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చెప్పలేక చాలా అవస్థ పడ్డాను. చివరికి, పాఠం చెప్పేవాళ్ళకు పాఠాలు కుట్టిపెట్టే దర్జీ అన్నాక ఆమెకు అర్థమైంది.

మొదట్లో పరదేశం నుంచి వచ్చిన బొమ్మలనే తెర మీద వేసేవారు. వాటిల్లో మనుషులు మంచులో నిలబడి ఉండేవాళ్ళు. మా వాళ్ళు వెనక బెంచీల మీద కునుకు తీసి, లేచి సంతకం పెట్టి గనిలోకి దిగిపోయేవాళ్ళు. నా పాఠం వినడానికి గోడలొక్కటే మేలుకుని ఉన్నాయని ఆయన ఇంటికొచ్చి చెప్పుకునేవారు. నేను ఆయన పని కోసం కూడా ప్రార్థన చేసేదాన్ని.

అప్పుడు ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. మా బెంబావాళ్ళకూ తూర్పు దిక్కు న్గోనివాళ్ళకూ బావామరదుల వరస. తాతల నాటి యుద్ధాలు చల్లారి పరిహాసాలుగా మిగిలాయి. వాళ్ళు మమ్మల్ని కోతుల్ని తినేవాళ్ళంటారు. మేం వాళ్ళను ఎలుకల్ని తినేవాళ్ళంటాం. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. మా వాళ్ళు పోతే గోయి వాళ్ళు తవ్వుతారు, వాళ్ళకు మేం తవ్వుతాం. గోతి దగ్గర కూడా వెక్కిరింతలు ఆగవు.

మా ఆయన గనిలో జంటల్ని అలా కలిపారు. ఒక బెంబా, ఒక న్గోని. ఒకడు పనిచేసే చోట పైకప్పును రెండోవాడు ఇనుపగడతో తట్టి చూడాలి. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, బోలుగా మోగితే విడిపోయినట్టు. ఆ సంగతి వెక్కిరిస్తూ చెప్పాలి. పాఠం చెప్పే షెడ్డు నవ్వులతో ఊగిపోయింది. కునుకు తీసినవాళ్ళు ముందు బెంచీలకు వచ్చారు. బజార్లో ఎండుచేపలమ్మే ఆడవాళ్ళ నోట కూడా ఆ మాటలే వినిపించేవి. గనిలో దెబ్బలు తగ్గాయి. ఒకసారి కుళాయి దగ్గర ముక్కూమొహం తెలియని గనివాడొకడు మా ఆయన చెయ్యి పట్టుకుని, మీ పాఠం వల్లే ఇది మిగిలింది సార్ అంటూ తన బొటనవేలు చూపించాడు. భోజనం దగ్గర మా ఆయన ఆ బొటనవేలి గురించే మాట్లాడారు. గోడ మీది అద్దం కన్నా ఆయనకు అదే పెద్ద బహుమానం.

అయితే ఆయన కుట్టింది రెండు రోజుల పాఠం. మొదటి రోజు నవ్వు. రెండో రోజు ఆ నవ్వును ఆపడం. నిజంగా ప్రాణం మీదికి వస్తే వెక్కిరింత పక్కన పెట్టి, ఎదుటివాణ్ణి తల్లి పెట్టిన పేరుతో పిలవాలి. ఆ పేరు వినగానే ఏమీ అడక్కుండా లేచి రావాలి. మనుషుల్ని రెండు రోజులు పని మాన్పించి కూర్చోబెట్టలేం, ఒక్కరోజుకు కుదించమన్నారు పైవాళ్ళు. ఏ రోజు ఉంచాలో ఆయన్నే తేల్చుకోమన్నారు. చూడ్డానికి వచ్చిన పెద్దలందరికీ నచ్చింది మొదటి రోజే.

ఆయన మొదటి రోజునే ఉంచారు.

*

పళ్ళెంలో న్షిమా చల్లారిపోయేసరికి మా వాకిట్లో కారు ఆగింది. మా ఆయన పై అధికారి సింకాలా గారు. ఒక చేతిలో చక్కెర సంచి, ఇంకో చేతిలో నూనె డబ్బా. చావింటికి వెళ్ళేవాళ్ళు తెచ్చినట్టు తెచ్చాడు. మ్వాపే వాటిని చూసి పిల్లల్ని తీసుకుని లోపలి గదిలోకి పోయింది. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యలేదు.

సింకాలా గారు మెత్తగా మాట్లాడే మనిషి. ముసోండా ఎలా ఉన్నాడని అడిగాడు. మా చర్చి తల్లుల సంఘం ప్రార్థనల మీద తనకు ఎంతో నమ్మకమన్నాడు. ఆ తరవాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"మ్విలా, రేపు విచారణలో నీది ఒక్క మాటే. తేడా కనబడితే వెంటనే చెప్పాలని నీ పాఠంలో ఉందా లేదా?"

"ఉంది," అన్నారు మా ఆయన.

"ముసోండా జంట జేరే చెప్పలేదు. అంతే. ఇక నువ్వు కూర్చోవచ్చు."

లోపలి గదిలో పిల్లల సద్దు కూడా ఆగిపోయింది.

సింకాలా గారే నెమ్మదిగా విడమరిచాడు. తప్పు జేరేది అయితే జేరే ఒక్కడే పోతాడు, ఉద్యోగం పోతుంది, పోలీసుల సంగతి తరవాత. ముసోండా విని కూడా కదలలేదని తేలితే పరిహారం రాదు, అవిటివాడికి పిల్లల్ని సాకే దారి ఉండదు. పాఠమే తప్పని ఎవరైనా అంటే, అప్పుడు ఆ పాఠం తయారుచేసినవాడి సంగతి, అతనుంటున్న ఈ కంపెనీ ఇంటి సంగతి చూడాల్సి వస్తుంది.

"ఆ మూడోది ఎవరికీ అక్కర్లేదు," అన్నాడు లేస్తూ.

మా ఆయన గుమ్మం దాకా సాగనంపలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఇంటికి వచ్చిన మనిషిని ఆయన సాగనంపకపోవడం నేను చూడలేదు.

జేరే మా నాన్నతో పనిచేసిన న్గోని మనిషి. ఇప్పుడు ముసోండాకు జంట. నాన్న పోయినప్పుడు గోయి తవ్వింది ఆయనే. తవ్వి, అందులో తనే వెల్లకిలా పడుకున్నాడు. కోతుల్ని తిన్న ఈ ముసలాడికి ఇంత మెత్తటి పడక దేనికి, నాకొక పుంజు ఇస్తే గాని లేవనన్నాడు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్ళం అందరం నవ్వేశాం. మా అమ్మ కూడా నవ్వింది. ఇస్తాం లేవయ్యా అన్నాం. ఇవ్వలేదు. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కూ మా గుమ్మంలో నిలబడి, నా పుంజేదే కోతిపిల్లా అంటాడు. మీ ఎలుకలు ఎత్తుకుపోయాయి, వెళ్ళి వెతుక్కో అంటాను. ఆ బాకీ ఉన్నంతవరకూ రెండిళ్ళ మధ్య నవ్వు ఉంటుంది. అందుకే మేం తీర్చలేదు, ఆయన తీర్చనివ్వలేదు.

జేరేకు ఆ గని తప్ప మరో బతుకు లేదు. ముసోండా మీది రాయిని గోళ్ళతో పెకలించబోయి వేళ్ళన్నీ చీల్చుకున్నాడని విన్నాను. ఇన్ని రోజులూ మా గుమ్మం తొక్కలేదు.

*

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. ముసోండాకు జ్వరం దిగలేదు. కుడికాలి రంగు తమకు నచ్చడం లేదని నర్సు గుమ్మం దగ్గరే చెప్పింది. దుప్పటి కింద వాడి కాళ్ళున్న చోట, బట్ట తగలకుండా తీగల గూడొకటి పెట్టారు. నేను తల నిమిరి, పెదవులు తడిపాను.

"అక్కా, కాళ్ళు ఉన్నాయా? దుప్పటి ఎత్తి చూడనివ్వడం లేదు."

"ఉన్నాయిరా."

కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ముసలి ఎలుక చెప్పాడక్కా," అన్నాడు.

ఏం చెప్పాడని అడగడానికి నాకు భయం వేసింది. అయినా అడిగాను.

"గడతో తట్టాడు. డ్రిల్లు చప్పుడులో మోత నాకు సరిగా వినబడలేదు. 'ఒరే కోతీ, బయటికి రా, నీ నెత్తి మీద కొండకు పళ్ళు ఊగుతున్నాయి. నువ్వు కూడా పోతే మీవాళ్ళు నాకు రెండో పుంజు బాకీ పడతారు' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ముందు మొదటిది వసూలు చేసుకో అన్నాను. షెడ్డులో ఆ మాటకు ఎప్పుడూ బెంచీలు విరిగేలా నవ్వేవాళ్ళు కదా. నాకూ నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే నా చొక్కా పట్టుకుని లాగాడు. అదీ ఆటలో భాగమే అనుకున్నానక్కా."

నేను ప్రార్థన మొదలుపెట్టాను గాని మాటలు కుదరలేదు. ఆ అల్లుళ్ళే కళ్ళ ముందు కదిలారు.

*

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మ్వాపే వింటూనే లేచి నిలబడింది.

"ఆ మాట ఈ గుమ్మం దాటకూడదు," అంది. "మా ఆయన విన్నాడని తెలిస్తే మాకు మిగిలేది రెండు చంకకర్రలే. జేరే ముసలాడు. పెంచాల్సిన పిల్లలు లేరు. తప్పు ఆయన మీద పడితే ఏం పోతుంది?"

"ఆయన మనిషి కాడా?" అన్నాను.

"నా మొగుడు కాడు వదినా."

ఆమె చోట నేనుంటే ఏమనేదాన్నో నాకు తెలుసని చెప్పలేను.

మా ఆయన కుర్చీ నావైపు తిప్పుకున్నారు. "ఇద్దరూ నవ్వారన్నాడా?" అని అడిగారు.

అవునన్నాను.

"నేను నేర్పింది నేర్పినట్టే చేశారు. ఒక్క మాట తప్పలేదు." ఆయన గొంతు, పిల్లవాడి పరీక్ష కాగితం దిద్దుతున్న పంతులు గొంతులా ఉంది. "ఇంత బాగా నేర్చుకున్నవాళ్ళను నేను చూడలేదు, బనా కసూబా."

మా పెద్దవాడి పేరుతో, కసూబా తల్లీ అని, ఆయన నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తారు. ఆ పిలుపు అంత చల్లగా నేనెప్పుడూ వినలేదు.

మ్వాపే ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. "అన్నయ్యా, రేపు మీరు ఆ ఒక్క మాట చెప్పి కూర్చోండి. మిమ్మల్ని అబద్ధం చెప్పమనలేదు. ఊరికే కూర్చోమంటున్నాను." ఆయన ఆమెను లేవదీయలేదు. సరేనని గాని, కాదని గాని అనలేదు.

*

విచారణ ఆ పాఠాల షెడ్డులోనే పెట్టారు. అంతమంది పట్టే చోటు ఇంకొకటి లేదట. ఇంటివాళ్ళను వరండాలో కూర్చోనిచ్చారు. కిటికీలు తెరిచి ఉన్నాయి. మ్వాపే రానంది. నేను మా సంఘం శాలువా కప్పుకుని కిటికీ కింద కూర్చున్నాను.

జేరేను లేపి, నువ్వు హెచ్చరించావా అని అడిగారు. హెచ్చరించానన్నాడు. ఏ మాటలతో హెచ్చరించావో అవే మాటలు చెప్పమన్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. రెండు చేతులకూ కట్లున్నాయి.

"ఒరే కోతీ, బయటికి రా, నీ నెత్తి మీద కొండకు పళ్ళు ఊగుతున్నాయి..."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. వెంటనే నోరు మూసుకున్నారు గాని, అప్పటికే అది పక్కవాడికి పాకింది. నెలల తరబడి ఆ షెడ్డులో, ఆ మాటలకు, ఆ బెంచీల మీద నవ్వడమే నేర్చుకున్న మనుషులు. దగ్గులు, ముక్కు చీదడాలు, ఆపుకోలేని నవ్వులు. విచారణ జరిపే పెద్దాయన బల్ల మీద కొట్టాడు. ఆయన పెదవులు కూడా కదిలాయి. జేరే మిగతా మాట చెప్పలేదు. కట్లున్న చేతులు కిందికి వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు.

సింకాలా గారు లేచి చాలా మర్యాదగా, ఇది హెచ్చరిక అవునో కాదో సభే చెప్పింది కదా అన్నాడు. టీ కోసం కాసేపు ఆపారు.

మా ఆయన బయటికొచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఇంట్లో పుంజు ఉందా?"

"తెల్లది ఉంది. క్రిస్మస్‌కని పెంచుతున్నది."

"తీసుకురా."

దేనికో నాకు అర్థమైంది. శాలువా బిగించుకుని ఇంటి వైపు నడిచాను.

ఇల్లు షెడ్డుకు దగ్గరే. పెరట్లో బుట్ట ఎత్తి పుంజును పట్టుకుని, కాళ్ళు కడుతుంటే వెనక గుమ్మంలో మ్వాపే నిలబడింది. అడగకుండానే తెలుసుకుంది.

"అది ఇచ్చేస్తే వరస తెగిపోతుంది వదినా," అంది చిన్నగా. "మీరు వెళ్ళాక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కాలు తీసేస్తారట. జ్వరం ఇంకా పెరిగిందట. రేపు మనింట్లో ఏదైనా జరగరానిది జరిగితే గోయి ఎవరు తవ్వుతారు?"

ఆ మాట నేను వినలేదని అనుకోవడానికి ప్రయత్నించాను. దేవుడా, నువ్వు వినకు అనుకున్నాను.

"జేరే మాట ఎవరూ నమ్మడం లేదు. నవ్వుతున్నారు," అన్నాను.

మ్వాపే నా చేతిలో పుంజును చాలాసేపు చూసింది. తరవాత గుమ్మం నుంచి పక్కకు జరిగింది. ఒప్పుకుందో, మమ్మల్ని వదిలేసుకుందో నాకు తెలియలేదు.

నేను తిరిగి వచ్చేసరికి జనం షెడ్డు మెట్ల దగ్గర టీ తాగుతున్నారు. జేరే ఒంటరిగా గోడకు ఆనుకుని ఉన్నాడు. తెల్ల పుంజును చూడగానే ఆయనకు సంగతి తెలిసింది. నిటారుగా నిలబడ్డాడు. చుట్టూ మాటలు సద్దుమణిగాయి. మా వాళ్ళలో, వాళ్ళ వాళ్ళలో ఆ బాకీ సంగతి తెలియనివాళ్ళు లేరు.

సింకాలా గారు మెట్ల పైనుంచి, "మ్విలా, కోడితో ఏమిటీ ఆట?" అన్నాడు.

"ఆట అయిపోయిందండీ," అన్నారు మా ఆయన.

ఆయన నా చేతి నుంచి పుంజును తీసుకుని జేరే ముందుకు వెళ్ళారు. మోకాలు కొంచెం వంచారు. పెద్దవాళ్ళకు ఇచ్చేటప్పుడు వంచినట్టు. పిలుపు కూడా పెద్దవాళ్ళను పిలిచేదే.

"బా జేరే, మా మామగారి గోయి తవ్విన బాకీ. పుచ్చుకోండి. ఇక మన మధ్య పరిహాసం లేదు. లోపల మీరు చెప్పబోయేదాన్ని వెక్కిరింత అని ఎవరూ కొట్టెయ్యలేరు. మీ తరవాత నేను లేస్తాను. రెండో రోజు పాఠం ఎవరు తీసేశారో చెబుతాను."

సింకాలా గారు టీ కప్పు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నడకలో తొందర లేదు. అదే నన్ను భయపెట్టింది.

జేరే కట్లున్న రెండు చేతులూ చాపి పుంజును తీసుకున్నాడు. ఇంత బక్కదా, కోతులు దీని మాంసం కూడా తినేశాయా అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండునని మనసులో వేడుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మా, ముసోండా ఎలా ఉన్నాడు?"

నాన్నకు తవ్విన గోతిలోంచి తను లేచిన నాటి నుంచి ఆయన మా తమ్ముణ్ణి ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆ పేరు వినగానే ఏమీ అడక్కుండా లేచి రావాలని రాసింది ఆయనే. మా తమ్ముడు లేవలేని చోట పడుకుని ఉన్నాడు.

జేరే ఇంకోసారి అడగలేదు. పుంజును చంకలో పెట్టుకుని, అల్లుడి ఎదుటపడిన మామలా తలొంచుకుని, మా పక్క నుంచి తప్పుకుని లోపలికి వెళ్ళాడు.

ఎవరూ నవ్వలేదు. బాకీ తీరింది.